అత్తగారి సాక్ష్యం

పొద్దున్నించీ బాత్రూమ్ తలుపు తెరుచుకోలేదు.

లోపల బుజ్జి ఉంది. బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. ఒళ్లో పుస్తకం. రేపు కాలేజీలో పరీక్ష.

బయట అమ్మమ్మ ఉంది. భుజం మీద తువ్వాలు, చేతిలో సబ్బుపెట్టె.

"నేను స్నానం చెయ్యాలే."

"నేను చదువుకోవాలి అమ్మమ్మా."

"ఇంత ఇల్లుండగా నీకు చదువుకోడానికి ఇదే దొరికిందా?"

"ఇదే దొరికింది. ఆ కీచు వినపడని చోటు ఇదొక్కటే."

"ఏం కీచు?"

లోపల పేజీ తిప్పిన చప్పుడైంది. అంతే. ఈ ప్రశ్నకి జవాబు చెప్పడం బుజ్జి ఎప్పుడో మానేసింది.

అమ్మమ్మ వంటింటి వైపు తిరిగింది. "నీ కూతురు బాత్రూమ్ వదలదు. నీ మొగుడు ఆ గది వదలడు. మధ్యలో నేను సబ్బుపెట్టె పట్టుకుని కాపలా కాస్తున్నాను. ఏమ్మా, ఇది కొంపేనా?"

బుజ్జి తల్లి వంటింట్లోంచి వచ్చింది. చేతులు తుడుచుకుని తిన్నగా పనిగది వైపు నడిచింది.

తలుపు తీసే ముందు కాస్త ఆగింది. ఇక్కడికే వినిపిస్తోంది. సన్నగా, సూదిలా. చెవిలో దూరి తల మధ్యకి వచ్చి ఆగిపోయే చప్పుడు. పళ్లు జివ్వుమంటాయి.

తలుపు తీసింది.

ఆయన బల్ల మీదికి వంగి ఉన్నాడు. గదంతా సోల్డరింగు పొగ వాసన. పాత బిస్కెట్టు డబ్బాల నిండా వైరు ముక్కలు, మరలు. కిటికీ కింద ఆయన చేసిన సింథసైజరు. చెక్కపెట్టె, ముందు నల్లవీ తెల్లవీ మెట్లు, వాటి పైన వరసలు వరసలుగా నాబులు. కరెంటుతో శబ్దం పుట్టించి, ఆ శబ్దాన్ని నాబులతో చెక్కుకునే వాయిద్యం. ఇన్నేళ్లూ ఆయన పాటలు కట్టింది ఇలాంటి వాటి మీదే. కాకపోతే అవన్నీ తన కోసం చేసుకున్నవి. ఇది మాత్రం కంపెనీ వాళ్లు తయారుచేసి ఊళ్లమీదికి పంపబోయేది.

"ఏమండీ."

"ఊఁ."

"దాన్ని ఆపండి."

"ఏం ఆపను? ఒక్క మెట్టు కూడా నొక్కలేదు. చూడు."

"నొక్కకపోయినా మోగుతోంది. మా గొడవే అది."

ఆయన సోల్డరింగు కడ్డీని స్టాండులో పెట్టాడు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. కోపం వస్తే ఆయన కేకలెయ్యడు. కళ్లజోడు తుడుస్తాడు.

"సాయంత్రం కంపెనీ మేనేజరు వస్తున్నాడు. విని సరేనంటే రేపట్నించి తయారీ మొదలు. మీ తల్లీకూతుళ్లకి ఇవాళే దొరికిందా?"

"వారం నుంచి చెబుతున్నాం. మీరు వింటేగా."

"లేనిదాన్ని ఎలా వినను?"

ఆమె నోట్లో చాన్నాళ్లుగా ఒక మాట ఉంది. బయటికి రాదు, లోపలికి పోదు.

"ఆ కొత్త పవర్ సప్లై తీసేసి పాతది పెట్టండి," అంది చివరికి. "అది మార్చినప్పట్నించే ఇది."

"పాతదా? ఆ ఇనప ముద్దా? అది పెడితే దీన్ని ఇద్దరు మొయ్యాలి. బరువు తగ్గించమని మేనేజరే అడిగాడు. తగ్గించాను. అరచేతిలో పట్టేంత చేశాను. చిటికెలో చేశాననుకున్నావా?"

"చేశారు. కాదనడం లేదు. అది కీచుమంటోంది అంటున్నాను."

"నాకు వినపడాలిగా."

"మీటరు పెట్టి చూడండి పోనీ."

"మీటరా?" ఆయన మళ్లీ కళ్లజోడు తీశాడు. "నేను పాట కట్టేది చెవితో. పెట్టె చేసేది చెవితో. మీటర్లు చూసి సంగీతం చేసేవాళ్లని పుట్టినప్పట్నించీ వెక్కిరిస్తున్నాను. ఇప్పుడు నా ఇంట్లో, నా చేత్తో చేసినదానికి నేనే మీటరు పెట్టాలి. అంతేనా?"

గది మూల ఆసిలోస్కోపు ఉంది. శబ్దాన్ని గీత చేసి తెర మీద చూపించే పెట్టె. ఆ ఇంట్లో దాని మీద ఇస్త్రీ బట్టలు పెడతారు.

"అల్లుడుగారి తప్పేం లేదే," అంది గుమ్మంలోంచి అత్తగారు.

మొగుడూ పెళ్లాం ఇద్దరూ తిరిగి చూశారు.

అత్తగారు అల్లుడి పక్షాన మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. కరెంటు పోతే ఈ అబ్బాయి చేతిలో ఏం మిగుల్తుందే అని పెళ్లికి ముందు కూతుర్ని అడిగిన మనిషి.

"నేనూ ఈ ఇంట్లోనే ఉన్నాను. చెవులు రిక్కించి మరీ విన్నాను. కీచూ లేదు, కాకరకాయా లేదు. ఆ హార్మోనియం పాపం నోరు మూసుకుని పడుంది."

"హార్మోనియం కాదండీ అత్తయ్యగారూ."

"ఏదో ఒకటి. నోరైతే మూసుకునే ఉంది."

"విన్నావా?" అన్నాడాయన భార్యతో. "మీ అమ్మే చెబుతోంది."

భార్య తల్లిని చూసింది. మొగుణ్ణి చూసింది. "సరిపోయింది," అంది. "మంచి జట్టు కుదిరింది."

బాత్రూమ్ గడియ తీసిన చప్పుడైంది. బుజ్జి వచ్చింది. చెవుల్లో దూది, జుట్లో పెన్సిలు.

"నాన్నా, పందెం."

"చదువుకో పో."

"పందెం నాన్నా. నేను బయట గోడ వైపు తిరిగి నిలబడతా. తలుపు వేసెయ్. నువ్వు నీ ఇష్టమొచ్చినట్టు దాన్ని ఆన్ చెయ్, ఆపెయ్. ఉందో లేదో నేను చెబుతా. ఒక్కటి తప్పినా పరీక్ష దాకా నోరెత్తను. అమ్మ చేత కూడా ఎత్తించను."

"నా నోరు నీ పందెంలో ఎందుకే?" అంది తల్లి.

ఆయన కాసేపు ఆలోచించాడు. పందెం గెలిస్తే ఇంట్లో సాయంత్రం దాకా శాంతి.

"స్విచ్చి టక్కుమంటుంది. నువ్వు అది పట్టేస్తావు."

"అయితే టక్కు టక్కుమని పదిసార్లు కొట్టి ఎక్కడో ఒకచోట ఆపు."

తలుపు వేశారు. అత్తగారు సబ్బుపెట్టె ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది, న్యాయం చెప్పడానికి వచ్చినట్టు.

ఆయన స్విచ్చి అటూ ఇటూ కొట్టాడు. ఆపాడు.

"ఉంది," అంది బయట్నించి బుజ్జి.

మళ్లీ కొట్టాడు.

"లేదు."

మళ్లీ.

"లేదు."

చాలాసేపు ఏమీ చెయ్యకుండా కూర్చున్నాడు. మోసం చేద్దామని. తర్వాత మెల్లిగా, వేలి కింద నలిపినట్టు, స్విచ్చి నొక్కాడు.

"ఇప్పుడొచ్చింది," అంది బుజ్జి. గొంతులో విసుగు. "అబ్బా, చంపేస్తోంది. ఆపు నాన్నా."

అప్పటికీ ఆయన ఒప్పుకోలేదు. భార్య వైపు చూశాడు. ఆమె చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని ఉంది. సైగ చెయ్యడానికి లేదు, తలుపు వేసే ఉంది.

"అత్తయ్యగారూ," అన్నాడు. "మీరు చెప్పండి. ఇప్పుడు ఆన్‌లో ఉందా, లేదా?"

"లేదుగా."

ఆన్‌లో ఉంది. ఆయన ఆపాడు.

"ఇప్పుడు?"

"ఇప్పుడూ లేదు."

మళ్లీ వేశాడు.

"ఇప్పుడూ అంతే," అంది అత్తగారు. "నాకేం తేడా లేదండీ. మీకెలా ఉందో నాకూ అచ్చు అలాగే ఉంది."

ఆ మాట ఆమె ధైర్యం చెప్పడానికే అంది.

ఆయన వేలు స్విచ్చి మీదే ఉండిపోయింది. అత్తగారి మొహం వంక చూస్తూ ఉండిపోయాడు. తెల్లగా పండిన జుట్టు. చెవుల దాకా పాకిన ముడతలు.

"మీ వయసెంత అత్తయ్యగారూ?"

"ఎందుకూ?"

"ఊరికే."

"ఊరికే వయసడుగుతారా ఎవరైనా? మీ తరఫున మాట్లాడటానికొచ్చాను చూడండి, నన్ననుకోవాలి." ఆమె సబ్బుపెట్టె తీసుకుని లేచింది. "బాత్రూమ్ ఖాళీ అయింది. నేను పోతున్నా."

ఆమె వెళ్లిపోయింది.

ఆయన లేచి మూలకి వెళ్లాడు. ఆసిలోస్కోపు మీది ఇస్త్రీ బట్టలు తీశాడు. ఎక్కడ పెట్టాలో తెలియక భార్య చేతికిచ్చాడు. ఆమె పట్టుకుని నిలబడింది. తెర మీద దుమ్ము అరచేత్తో తుడిచాడు. రెండు వైర్లు తెచ్చి సింథసైజరు వెనక తగిలించాడు.

తెర పచ్చగా వెలిగింది.

ఒక్క మెట్టు కూడా నొక్కలేదు. గీత తిన్నగా ఉండాలి. లేదు. రంపం పళ్లలా, దగ్గర దగ్గరగా, అంచు నుంచి అంచు దాకా.

ఆయన స్విచ్చి ఆపాడు. గీత తిన్నగా అయింది. వేశాడు. పళ్లు లేచాయి.

అలా ఎన్నిసార్లు వేశాడో, ఎన్నిసార్లు ఆపాడో. గుమ్మంలో బుజ్జి చెవులు మూసుకుంటూ తీస్తూ నిలబడింది. ఆయన ఇప్పుడు తెర చూడటం లేదు. కూతురి చేతులు చూస్తున్నాడు. తెరా ఆ చేతులూ ఒకే మాట చెబుతున్నాయి.

"ఇంత ఉందా," అన్నాడు.

గెలిచిన మొహం పెడదామనుకుంది బుజ్జి. తండ్రి మొహం చూసి మానేసింది. "నేను పోయి చదువుకుంటా," అంది. పోలేదు.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. భార్య వైపు తిరిగి అడిగాడు.

"మొన్న ఆ నాట్యం వాళ్లకి పంపిన పాట."

భార్య బట్టలు బల్ల మీద పెట్టింది. మడతలు సరిగ్గానే ఉన్నాయి. మళ్లీ సర్దింది.

"అందులో పైస్థాయిలో గంటల్లాంటి శబ్దాలు పెట్టాను. ఎంత పెంచినా చాల్లేదు. పెంచాను, పెంచాను. ఇలా వినపడనివాడు పెంచితే అదెలా ఉండాలి? వినేవాళ్ల చెవులు చిల్లులు పడాలి."

ఆమె చెయ్యి బట్టల మీదే ఆగింది.

"పడలేదు. పైగా పత్రికలో రాశారు. వయసు మీద పడ్డాక ఈయన శబ్దం మెత్తబడింది, పండింది అని. నేను నీకు చదివి వినిపించాను. నువ్వు నవ్వావు. ఎందుకు నవ్వావు?"

"మీరు సంతోషంగా ఉన్నారని."

"అందరికీ పంపేది నువ్వేగా."

"నేనే."

పాట కట్టడమే ఆయన పని. ఆఖరి కాపీ తీసి పంపడం మొదట్నించీ ఆమె పని. పెళ్లికి ముందు ఆమె రికార్డింగు స్టూడియోలో పనిచేసింది. ఆయన మొదటి పాట రికార్డు చేసిందీ ఆమే.

"ఏం చేశావు?"

"ట్రెబుల్, ఆ పైస్థాయి శబ్దాలు, కాస్త తగ్గించాను."

"కాస్తా?"

"మొదట్లో కాస్త. తర్వాత తర్వాత ఇంకొంచెం."

"ఎన్నాళ్లుగా?"

"బుజ్జి కాలేజీలో చేరకముందు నుంచి."

ఆయన కళ్లజోడు తీశాడు. తుడవలేదు. చేతిలోనే పట్టుకున్నాడు.

"అంటే పండింది నేను కాదు. నీ చెయ్యి."

"అలా అనకండి."

"ఎలా అనమంటావు? నీకు తెలుసు. బుజ్జికి తెలుసు. తెలుసా?"

బుజ్జి నేల చూసింది.

"ఆఁ. తెలుసు. ఈ ఇంట్లో తెలియంది నాకూ మీ అమ్మకీ. సభల్లో లేచి నిలబడి చెబుతుంటాను, మీటర్లు పారెయ్యండి, చెవి చెప్పిందే వేదం అని. నువ్వు ముందు వరసలో కూర్చుని వింటుంటావు. ఎలా కూర్చున్నావు?"

ఆమెకీ ఓపిక అయిపోయింది.

"ఎలా చెప్పమంటారు? మీకు చెప్పడం అంత సులువా? ఒక కీచుందని చెప్పడానికి వారం పట్టింది. కూతురు బాత్రూమ్‌లో కాపరం పెట్టాల్సి వచ్చింది. అప్పటికీ నా మాట నమ్మారా? మా అమ్మకి వినపడలేదు కాబట్టి నమ్మారు. మీ చెవి పోతోందని చెబితే ఈ గదిలో ఏం మిగిలేది? అందుకే ఒక నాబు తిప్పాను. కిందికి తిప్పాను, అంతే. మీ పాటలో ఒక్క స్వరం మార్చలేదు."

"మార్చినా నాకు తెలియదుగా."

ఆమెకి చెంప మీద కొట్టినట్టయింది. ఆయన ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

"ఇకమీదట నా దాంట్లో ఒక్క నాబు ముట్టుకోకు."

"ముట్టుకోను."

"నా తరఫున ఎవరికీ ఒక్క మాట చెప్పకు."

"చెప్పను."

"ఎవరైనా అడిగినా సరే."

"అడిగినా చెప్పనన్నానుగా."

కాసేపు ఇద్దరూ చెరో గోడా చూశారు. పవర్ సప్లై మార్చాలంటే పెట్టె మొత్తం విప్పాలి. సాయంత్రానికి అయ్యే పని కాదు. ఆయనకి తెలుసు. ఆమెకీ తెలుసు.

"ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంకో రోజు రమ్మందామా నాన్నా?" అంది బుజ్జి.

ఆయన జవాబు చెప్పేలోపు వీధి గంట మోగింది. మేనేజరు అన్న వేళకంటే ముందే వచ్చాడు.

మేనేజరు భారీ మనిషి. వస్తూనే చొక్కా చేతులు మడిచి, సింథసైజరుని రెండు పక్కలా పట్టుకుని ఎత్తాడు. ఒక్కడే ఎత్తాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు.

"ఇది కదండీ. మా కుర్రాళ్లు పాతదాన్ని తిట్టుకుంటూ మోసేవాళ్లు. దీన్ని మా ఆవిడ కూడా ఎత్తుతుంది."

ఎవరూ నవ్వలేదు. తనే నవ్వుకుని కూర్చున్నాడు.

"కానివ్వండి మరి."

బుజ్జి తండ్రి మెట్ల ముందు కూర్చున్నాడు. అడుగుస్థాయిలో ఒక స్వరం పట్టుకున్నాడు. పక్క గదిలో ఎవరో పని చేసుకుంటూ తమలో తాము పాడుకుంటున్నట్టుంది. ఒక నాబు తిప్పాడు. ఆ గొంతు దగ్గరికొచ్చింది. ఇంకొకటి తిప్పాడు. ఒకరు ఇద్దరయ్యారు, ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకున్నారు. అంత కోపంలోనూ భార్య తల ఆ స్వరానికి ఊగింది. ఈ కింది స్వరాలన్నీ ఆయనవే. వాటి మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు.

వాయించడం ఆపాడు. స్వరం సన్నబడి సన్నబడి ఆగిపోయింది.

కీచు మిగిలింది.

బుజ్జి పళ్లు బిగించింది. చెవుల దాకా వెళ్లిన చేతుల్ని దించేసి జుట్టు సర్దుకుంది.

మేనేజరు కళ్లు మూసుకుని వింటున్నాడు. అతనూ దాదాపు బుజ్జి తండ్రి ఈడువాడే. ఈయన అతని మొహం వైపే చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు ముడుచుకుంటుంది ఆ నొసలు. ఇప్పుడు. ఇప్పుడు.

మేనేజరు కళ్లు తెరిచాడు. మొహం విచ్చుకుని ఉంది.

"ఎంత శుభ్రంగా ఉందండీ. పాతదాంట్లో ఆపాక కూడా వెనక గుర్రుమంటూ ఉండేది. ఇప్పుడు చూడండి. చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది."

బుజ్జి తల్లి వైపు చూసింది. తల్లి కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి, ఒకదాంట్లో ఒకటి.

"మా అత్తగారూ అదే అన్నారండీ," అన్నాడాయన.

మేనేజరు గట్టిగా నవ్వాడు. గుమ్మం దగ్గర తడి జుట్టు తుడుచుకుంటున్న అత్తగారికి ఆ మాట నచ్చింది. "అన్నాను మరి. ఇంట్లో నా మాట వినేదెవరు?"

"పెద్దవాళ్ల చెవి వేరండీ," అన్నాడు మేనేజరు. "మీరేమంటారమ్మా? మీకెలా ఉంది?"

అడిగింది భార్యని.

ఆమె మొగుడి వైపు చూడలేదు. తన చేతుల వైపు చూసుకుంది. "నాకేం తెలుసండీ," అంది.

"అయితే ఆలస్యం దేనికి?" మేనేజరు ఫోను తీసి నంబరు నొక్కి చెవికి ఆనించాడు. "రేపు పొద్దున్నే మొదలుపెట్టమని చెప్పేస్తాను."

గది నిశ్శబ్దంగా ఉంది. ఐదుగురిలో కొందరికి.

బుజ్జి తండ్రికి అంతా తెలుసు. ఫోన్లో అవతలివాడు పలికితే చాలు. ఈ పెట్టె ఎన్ని ఇళ్లకి వెళ్తుందో. ఎన్ని ఇళ్లలో పిల్లలు బాత్రూముల్లోకి పారిపోతారో. వాళ్ల తండ్రులు ఏం కీచు అని అడుగుతారో. ఇక్కడ ఒక్క మాట చాలు. ఆ మాట అంటే రేపు ఊరంతా ఈయనకి చెవులు పోయాయన్న మాటే.

భార్య చేతుల వైపు చూశాడు. అవి కదల్లేదు. కదలవు. ఆయనే వద్దన్నాడు.

"హలో," అన్నారు ఫోన్లో ఎవరో. సన్నగా వినపడింది.

"దాంట్లో ఒక కీచుందండీ," అన్నాడాయన. "నాకు వినపడదు."

మెల్లిగా అన్నాడు. ఆ గదిలో భార్యకే వినపడింది, కూతురికే వినపడింది.

అత్తగారు ఏమన్నాడు అన్నట్టు ముందుకు వంగింది. మేనేజరు ఫోనుని అరచేత్తో మూసి, రెండో చెవి ఆయన వైపు తిప్పాడు.

"ఏమన్నారూ? కాస్త గట్టిగా చెప్పండి."